అధ్యాయం 7: ముద్ర వేసే ముందు మొత్తం చదవండి

సముద్రపు బాక్టీరియా గురించి వీరపునాయునిపల్లెలో కూర్చుని నేర్చుకోవడం ఏమిటని మిమ్మల్ని ఎవరైనా అడగొచ్చు. మిమ్మల్ని మీరే ప్రశ్నించుకుని, "మనకెందుకులే" అని పుస్తకం మూసేసే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఈ ప్రశ్నకు ముందే రెండు జవాబులు సిద్ధం చేసుకుందాం.

మొదటి జవాబు మన కాళ్ళ కిందే ఉంది. వేంపల్లె, పులివెందుల చుట్టుపక్కల రాళ్ళలో పొరలు పొరలుగా, వంపులు తిరిగిన చారలు కనిపిస్తాయి. వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. ఒకప్పుడు ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున సూక్ష్మజీవులు చాపల్లా పరుచుకుని, సున్నపు రేణువులను పట్టి ఉంచి, పొర మీద పొర కట్టుకుంటూ పోయిన గుర్తులివి. ఆ రాతి పొరల వరుసకు భూగర్భ శాస్త్రంలో ఉన్న పేరు కూడా వేంపల్లె పేరే. వాటికి పైన ఉన్న పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల అగ్నిశిల వయసును దాదాపు 188 కోట్ల ఏళ్ళుగా లెక్కగట్టారు. అంటే వేంపల్లె పొరలు అంతకంటే పాతవి. సముద్రపు సూక్ష్మజీవులు ఈ నేలకు కొత్తవి కావు.

రెండో జవాబు హైదరాబాద్. అక్కడా సముద్రం లేదు. అయినా దేశం మొత్తానికి సునామీ హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ 1999 నుంచి అక్కడే ఉంది. హైదరాబాద్ జేఎన్‌టీయూలో ఆచార్య చింతలపాటి శశికళ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆచార్య చింతలపాటి వెంకట రమణ తమ విద్యార్థులతో కలిసి, మన తీరాల నుంచి తెచ్చిన ఎన్నో బాక్టీరియాలను కొత్త జాతులుగా ప్రపంచానికి పరిచయం చేశారు. 2007లో వారి బృందాలు వర్ణించిన రెండింటి పేర్లు చూడండి: మారిక్రోమాటియం భీమ్లికం, రోడోవ్యులం విశాఖపట్నమెన్సే. మొదటిది మన భీమిలి, రెండోది మన విశాఖ. ఆ పేర్లు ఏ దేశపు శాస్త్రవేత్త పలికినా మన ఊళ్ళే గుర్తొస్తాయి.

ఆ రోజుల్లో ఇలాంటి పనికి పెద్ద ల్యాబ్, ఏళ్ళ శ్రమ తప్పనిసరి. కొత్త బాక్టీరియాను వేరుచేసి పెంచడానికి ల్యాబ్ ఇప్పటికీ కావాలి. కానీ "ఇది ఏ జాతి?" అని తేల్చే ఘట్టంలో మాత్రం చాలా భాగం కంప్యూటర్ మీదికి వచ్చేసింది. పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు కాలేజీల్లో డిగ్రీ చదివేవారు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లలు, కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో పీజీ చేసేవారు, ఎవరైనా దీన్ని నేర్చుకోవచ్చు. ఈ అధ్యాయం ఆ నైపుణ్యం గురించి. దానితోపాటు వచ్చే తీర్పు చెప్పే పద్ధతి గురించి కూడా.

ఒక్క ఆధారంతో తేల్చేస్తే

నెల్లూరు, భీమవరం వైపు రొయ్యల రైతులకు విబ్రియో అనే బాక్టీరియా పేరు బాగా తెలుసు. చెరువు నీళ్ళను ల్యాబ్‌కు తీసుకెళ్తే, అక్కడ టీసీబీఎస్ అనే మాధ్యమం పోసిన ప్లేటు మీద పూసి ఒక రాత్రి ఉంచుతారు. చక్కెరను పులియబెట్టగల విబ్రియోలు పసుపు చుక్కలుగా లేస్తాయి, ఆ శక్తి లేనివి ఆకుపచ్చ చుక్కలుగా లేస్తాయి. తెల్లారి రైతు అడిగే మొదటి ప్రశ్న "ఎల్లో ఎన్ని, గ్రీన్ ఎన్ని?" అనే. గ్రీన్ ఎక్కువ ఉంటే భయం. ఇది చవకైన, త్వరగా ఫలితమిచ్చే పరీక్ష, దాని విలువ దానికి ఉంది. కానీ రంగు జాతి పేరు చెప్పదు. విబ్రియో హార్వేయీ అనే ఒక్క జాతిలోనే పసుపు కాలనీలు ఇచ్చేవీ ఉన్నాయి, ఆకుపచ్చవి ఇచ్చేవీ ఉన్నాయి.

రంగు కాకపోతే జన్యువు చూద్దామన్నారు. 1977లో కార్ల్ వోస్ చూపిన దారిలో, 16ఎస్ ఆర్ఆర్‌ఎన్‌ఏ అనే ఒక్క జన్యువును చదివి బాక్టీరియాలను వర్గీకరించడం మొదలైంది. అది సుమారు 1,500 అక్షరాల పొడవు ఉంటుంది. ఈ జన్యువు దూరపు బంధుత్వాలను అద్భుతంగా చూపిస్తుంది. రెండు బాక్టీరియాల మధ్య ఇందులో పోలిక 98.65 శాతం కంటే తక్కువైతే, అవి వేరు జాతులని ధైర్యంగా చెప్పొచ్చు. చిక్కంతా అంతకంటే ఎక్కువ వచ్చినప్పుడే. విబ్రియో హార్వేయీ, విబ్రియో క్యాంప్‌బెల్లీ లాంటి దగ్గరి జాతుల్లో ఈ జన్యువు 99 శాతం దాటి కలుస్తుంది. పైగా ఒక్కో విబ్రియో కణంలో ఈ జన్యువు నకళ్ళు పది దాకా ఉంటాయి. అవి ఒకదానికొకటి కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. ఒక్క హద్దురాయి చూసి పొలం కొనేవాళ్ళు ఉండరు కదా, నాలుగు వైపులా గొలుసు పట్టి కొలిచాకే డబ్బు చేతిలో పెడతాం. 16ఎస్ అలాంటి ఒక్క హద్దురాయి.

దీనికి శాస్త్ర చరిత్రలోనే గట్టి ఉదాహరణ ఉంది. చీకట్లో నీలంగా వెలిగే ఒక సముద్రపు బాక్టీరియా స్ట్రెయిన్, అంటే జాతిలోని ఒక ప్రత్యేక వంశం, ఉంది. నిల్వ కేంద్రంలో దాని సంఖ్య ఏటీసీసీ బీఏఏ-1116. బాక్టీరియాలు రసాయన సంకేతాలతో ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయి, గుంపు పెరిగిందని ఎలా తెలుసుకుంటాయి అన్న సంగతిలో చాలా భాగం దీని మీద చేసిన పనితో తెలిసింది. బానీ బాస్లర్ వంటి శాస్త్రవేత్తల ప్రసిద్ధ పరిశోధనలు దీన్ని విబ్రియో హార్వేయీ అనే పేరుతోనే రాశాయి. దాని జీనోమ్‌ను, అంటే డీఎన్‌ఏ మొత్తాన్ని, చదివి భద్రపరిచినప్పుడు కూడా అదే పేరు పెట్టారు. 2010లో అమెరికా నౌకాదళ పరిశోధనశాల శాస్త్రవేత్తలు, ఇతర దేశాల సహచరులతో కలిసి, దాని జీనోమ్‌ను బంధుజాతుల జీనోమ్‌లతో పోల్చారు. తేలిందేమిటంటే, అది హార్వేయీ కాదు, క్యాంప్‌బెల్లీ. థాయ్‌లాండ్‌లో చచ్చిపోయిన రొయ్య నుంచి తీసిన హెచ్‌వై01 అనే మరో స్ట్రెయిన్‌దీ అదే కథ.

ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. అప్పటికి చేతిలో ఉన్న పరీక్షలు అంతవరకే చెప్పగలిగేవి. గమనించాల్సింది ఇంకొకటి. పేరు మారినా, ఆ స్ట్రెయిన్ మీద జరిగిన ప్రయోగాల ఫలితాలు ఒక్కటీ చెరిగిపోలేదు. ఏ స్ట్రెయిన్ మీద ఏ పని చేశారో స్పష్టంగా రాసి ఉంచారు కాబట్టే దిద్దడం సాధ్యమైంది. రాత నిజాయితీగా ఉంటే పేరు తర్వాతైనా దిద్దుకోవచ్చు.

రెండు జీనోమ్‌లను ఎలా పోలుస్తారు

ఇప్పుడు లోపలికి వెళ్ళి చూద్దాం. విబ్రియో క్యాంప్‌బెల్లీ జీనోమ్‌లో సుమారు 60 లక్షల అక్షరాలుంటాయి. అక్షరాలంటే ఏ, టీ, జీ, సీ అనే నాలుగే. ఈ మొత్తాన్ని ముందుగా 1,020 అక్షరాల ముక్కలుగా కోస్తారు. దాదాపు 5,900 ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్కను తీసుకుని, రెండో బాక్టీరియా జీనోమ్‌లో దానికి సరిపడే చోటు వెతుకుతారు. దొరికితే ఎన్ని అక్షరాలు కలిశాయో శాతంలో రాసుకుంటారు. చాలినంత భాగం కలవని ముక్కను పక్కన పెడతారు. చివరికి కలిసిన ముక్కలన్నిటి శాతాలకు సగటు కడతారు. ఆ సగటునే ఏఎన్‌ఐ అంటారు. కోన్‌స్టాంటినిడిస్, టీజీ 2005లో ఈ కొలతకు దారి వేశారు. రిక్టర్, రొస్సెల్లో-మోరా 2009లో, 95 నుంచి 96 శాతం దగ్గర జాతికి గీత గీయొచ్చని చూపారు. అంతకంటే పైనుంటే ఒకే జాతి, కిందుంటే వేరు జాతి.

95 శాతం అంటే ఎంత తేడా? కలిసిన భాగంలో ప్రతి 20 అక్షరాలకూ ఒకటి వేరైనా, ఆ రెండూ ఒకే జాతి కిందికే వస్తాయి. మనిషికీ చింపాంజీకీ కలిసే డీఎన్‌ఏ భాగంలో తేడా ఒక శాతం కంటే కొంచెమే ఎక్కువ. బాక్టీరియా గీతతో కొలిస్తే మనమిద్దరం ఒకే జాతి అవుతాం. అందుకే ఏ కొలతనైనా అది పుట్టిన చోటే వాడాలి.

మరి 95 అన్న అంకె ఊరికే పట్టుకొచ్చినదేనా? కాదు. అంతకుముందు వాడుకలో ఉన్న పద్ధతి వేరు. రెండు బాక్టీరియాల డీఎన్‌ఏను వేడిచేసి పోగులుగా విడదీసి, కలిపి, ఎంతవరకు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయో కొలిచేవారు. 1987లో నిపుణుల సంఘం 70 శాతం అతుకును జాతికి గీతగా పెట్టింది. ఆ పని కష్టమైనది, ఒక ల్యాబ్ ఫలితం ఇంకో ల్యాబ్‌తో సరిపోయేది కాదు, కొత్త జత వచ్చినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచీ చేయాలి. పాత 70 శాతానికి సరిపోయే కొత్త గీతే ఈ 95. 2018లో ఫాస్ట్‌ఏఎన్‌ఐ అనే వేగవంతమైన ప్రోగ్రామ్‌తో దాదాపు 90,000 జీనోమ్‌లను జతలు జతలుగా పోల్చి చూశారు. సుమారు 800 కోట్ల జతల్లో 99.8 శాతం అయితే 95 పైన, లేకపోతే 83 కింద పడ్డాయి. ప్రకృతిలోనే అక్కడొక ఖాళీ ఉంది. ఆ ఖాళీలో పడే కొద్ది జతల దగ్గరే నిపుణుల విచక్షణకు పని పడుతుంది.

మీరే చేయడానికి అయిదు మెట్లు

ఒకటి, సరైన కొలమానం తెచ్చుకోండి. ప్రతి జాతికీ "టైప్ స్ట్రెయిన్" ఒకటి ఉంటుంది. జాతి పేరు అధికారికంగా దానికే అంటి ఉంటుంది. దాన్ని కనీసం రెండు దేశాల్లోని నిల్వ కేంద్రాల్లో భద్రపరచాలన్నది నియమం. చండీగఢ్‌లోని ఎంటీసీసీ, జర్మనీలోని డీఎస్‌ఎంజడ్ అలాంటి కేంద్రాలే. పోలిక ఎప్పుడూ టైప్ స్ట్రెయిన్‌తోనే. డేటాబేస్‌లో అదే పేరుతో కనిపించిన ఏదో ఒక జీనోమ్‌తో పోలిస్తే, దానికి పెట్టిన పేరే తప్పయి ఉండొచ్చు. బీఏఏ-1116 కథ మనకు నేర్పింది అదే.

రెండు, జీనోమ్ దించుకోండి. అమెరికాలోని ఎన్‌సీబీఐ వెబ్‌సైట్‌లో లక్షల బాక్టీరియా జీనోమ్‌లు ఉచితంగా ఉన్నాయి. ఫాస్టా అనే ఫైలు రూపంలో తీసుకోండి. 60 లక్షల అక్షరాల జీనోమ్ అంటే ఆరు ఎంబీల ఫైలు. మీ ఫోన్‌లో దిగిన రెండు మూడు ఫొటోలంత. ఫైలు తెరిచి ఒకసారి కళ్ళారా చూడండి. మొదటి వరుసలో పేరు, ఆ కింద ఆగకుండా నాలుగు అక్షరాల ప్రవాహం.

మూడు, నాణ్యత చూడండి. జీనోమ్ సగమే చదివి ఉండొచ్చు, ఇంకో బాక్టీరియా డీఎన్‌ఏ కలిసిపోయి ఉండొచ్చు. చెక్‌ఎం అనే ప్రోగ్రామ్ ఈ రెండింటినీ అంచనా కడుతుంది. సంపూర్ణత 90 శాతానికి పైగా, కల్తీ 5 శాతానికి లోపు ఉంటేనే ముందుకు వెళ్ళండి. కల్తీ జీనోమ్‌తో ఎంత మంచి లెక్క వేసినా వచ్చేది కల్తీ జవాబే.

నాలుగు, రెండు రకాలుగా కొలవండి. జేస్పీసీస్‌డబ్ల్యూఎస్ వెబ్‌సైట్‌లో ఏఎన్‌ఐ లెక్క ఉచితం. డీఎస్‌ఎంజడ్ వారి టీవైజీఎస్ వెబ్‌సైట్‌లో మీ ఫైలు పెడితే, దగ్గరి టైప్ స్ట్రెయిన్లను అదే వెతికి, పాత అతుకు పద్ధతికి సమానమైన డిజిటల్ విలువ ఇస్తుంది. అక్కడ గీత 70 శాతం. రెండు కొలతలూ ఒకే మాట చెబితే మీ తీర్పుకు బలం. చెరో మాట చెబితే ఆగండి. ఎన్ని ముక్కలు కలిశాయో, ఎన్ని పక్కకు పోయాయో చూడండి. సగటు ఎంత ఎక్కువ ఉన్నా, కలిసిన భాగం చాలా తక్కువైతే ఆ సగటును నమ్మకూడదు.

అయిదు, వంశవృక్షం గీయండి. అన్ని బంధుజాతుల్లోనూ ఉండే జన్యువులను కలిపి చెట్టు గీస్తే, మీ స్ట్రెయిన్ ఏ కొమ్మ మీద కూర్చుందో కనిపిస్తుంది. అంకె, చెట్టు, బాక్టీరియా స్వభావం, మూడూ ఒకే దిక్కు చూపినప్పుడే పేరు రాయండి. 2018 నుంచి కొత్త జాతిని ప్రతిపాదించేవారు జీనోమ్ సమర్పించడం కనీస ప్రమాణమైంది. అంటే మీరిప్పుడు నేర్చుకుంటున్నది ఈ రంగంలో తొలి అర్హత.

అంకె చెప్పని సంగతి

ఇంతా నేర్చుకున్నాక ఒక జాగ్రత్త. రొయ్య పిల్లలను మొదటి నెలలోనే చంపేసే ఏహెచ్‌పీఎన్‌డీ అనే జబ్బు 2009 ప్రాంతంలో చైనాలో మొదలై ఆగ్నేయాసియా దేశాలకు పాకింది. 2013లో దానికి కారణం విబ్రియో పారాహీమోలిటికస్ స్ట్రెయిన్లని తేల్చారు. ఆ తర్వాత అసలు గుట్టు తెలిసింది. విషం తయారుచేసే పిర్-ఏ, పిర్-బీ జన్యువులు ప్రధాన క్రోమోజోమ్‌లలో లేవు. సుమారు 70 వేల అక్షరాల ఒక ప్లాస్మిడ్ మీద ఉన్నాయి. ప్లాస్మిడ్ అంటే ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారగల చిన్న డీఎన్‌ఏ ఉంగరం. కొద్ది కాలానికే అదే విషం విబ్రియో క్యాంప్‌బెల్లీ, విబ్రియో ఓవెన్సీ స్ట్రెయిన్లలో కూడా దొరికింది.

ఏఎన్‌ఐ లెక్కను మళ్ళీ గుర్తు చేసుకోండి. కలవని ముక్కలను పక్కన పెట్టేస్తాం కదా. రెండు పారాహీమోలిటికస్‌లలో ఒకదానికి ఈ ప్లాస్మిడ్ ఉండి, రెండోదానికి లేకపోతే, దాని ముక్కలు లెక్కలోకే రావు. సగటు 98 వచ్చి "ఒకే జాతి" అంటుంది. అది నిజమే. కానీ ఒకటి చెరువును ఖాళీ చేస్తుంది, రెండోది ఏమీ చేయకపోవచ్చు. కాబట్టి రెండు ప్రశ్నలు వేరువేరుగా అడగాలి. ఇది ఎవరు? ఇది ఏం మోస్తోంది? మొదటిదానికి ఏఎన్‌ఐ జవాబు చెబుతుంది. రెండోదానికి ఆ జన్యువులను పేరుపేరునా వెతకాలి. దేశంలో రొయ్యలు ఎక్కువగా పండించే రాష్ట్రం మనది. ఇక్కడ ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా తెలిసిన యువకుల అవసరం చాలా ఉంది.

ఇదే పద్ధతి మీ తీర్పులకూ

ఈ పని చేసేవారిలో నెమ్మదిగా ఒక గుణం పెరుగుతుంది. దాన్నే నేను మీకు ఇవ్వాలనుకుంటున్నాను. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోయిందని "నాకు సైన్సు రాదు" అని ముద్ర వేసుకున్నవారు మన మండలంలోనే ఎంతమంది! అది 16ఎస్ చూసి జాతి తేల్చినట్టే. మొత్తం చదవకుండా చెప్పిన తీర్పు. అలాగే పక్కింటి అబ్బాయి ర్యాంకుతో మిమ్మల్ని మీరు కొలుచుకోవడం, టైప్ స్ట్రెయిన్‌ను వదిలి దొరికిన ఫైలుతో పోల్చుకోవడం లాంటిది. మీకు సరైన కొలమానం నిరుటి మీరే. నిరుడు ఏం చేయలేకపోయారో, ఈ ఏడు ఏం చేయగలుగుతున్నారో కాగితం మీద పెట్టి చూడండి.

ఎదుటి మనిషి విషయంలోనూ ఇంతే. తీర్పు చెప్పే ముందు మూడు అడగండి. నేను ఎంత భాగం చదివాను? దేనితో పోల్చాను? నా తీర్పును రేపు దిద్దుకునేలా ఆధారాలు రాసి పెట్టుకున్నానా? ఈ మూడింటికీ జవాబు లేకపోతే, ఇంకా తీర్పు చెప్పే సమయం రాలేదని అర్థం. ఆగడం పిరికితనం కాదు. జీనోమ్‌లు పోల్చేవారికి అది వృత్తిధర్మం.

ఈ వారం పని

2010లో ఆ శాస్త్రవేత్తలు తేల్చినదాన్ని మీరే సరిచూడండి. ఎన్‌సీబీఐ నుంచి మూడు జీనోమ్‌లు దించుకోండి: విబ్రియో హార్వేయీ టైప్ స్ట్రెయిన్ ఏటీసీసీ 14126, విబ్రియో క్యాంప్‌బెల్లీ టైప్ స్ట్రెయిన్ ఏటీసీసీ 25920, ఇంకా ఏటీసీసీ బీఏఏ-1116. మూడోదాన్ని మొదటి రెండింటితో విడివిడిగా పోల్చి ఏఎన్‌ఐ లెక్క తీయండి. ఏది 95 దాటిందో, ఏది దాటలేదో చూడండి. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో ఒక గంట అడగండి, అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

తర్వాత నోటుబుక్కులో మూడు వాక్యాలు రాయండి. మొదటి వాక్యంలో ఏ ఫైళ్ళు, ఏ తేదీన, ఏ ప్రోగ్రామ్‌తో పోల్చారో. రెండో వాక్యంలో వచ్చిన అంకెలు, కలిసిన భాగం ఎంతో. మూడో వాక్యంలో మీ తీర్పు, దాన్ని మార్చగల ఆధారం ఏదైనా ఉంటే అది ఏమిటో. ఆ పేజీ పట్టుకుని మీ మైక్రోబయాలజీ అధ్యాపకుల దగ్గరికి వెళ్ళి, "సార్, తర్వాత ఏం పోల్చమంటారు?" అని అడగండి. పరిశోధన కావాలని కోరుకునేవారు చాలామంది ఉంటారు. చేసిన పని చేతిలో పట్టుకుని వచ్చే విద్యార్థిని మాత్రం ఏ గురువూ ఊరికే తిప్పి పంపరు.